చేతిలో రాయి, ముందు మ్యాప్

మొదట్లో నేను చేసిన తెలివితక్కువ పని ఏంటంటే, వాగులో దొరికిన గులకరాయి తెచ్చుకుని, ఎక్కడ ఏ రాయి ఉందో రంగుల్లో చూపే భూవిజ్ఞాన మ్యాప్‌లో ఆ చోట ఏ రంగుందో చూసి, ఆ రాయికి అదే పేరు పెట్టేయడం. అది ఎంత దూరం నుంచి కొట్టుకొచ్చిందో ఎవరికి తెలుసు! భూవిజ్ఞాన పటం ఎక్కువగా చెప్పేది మట్టి కింద కదలకుండా ఉన్న రాతి గురించి.

అందుకే ఇప్పుడు నేలలో పాతుకున్న బండ దగ్గరికే వెళ్తాను. పైపొర ఎండకీ వానకీ రంగు మారి మోసం చేస్తుంది కాబట్టి కొత్తగా విరిగిన ముఖం చూడాలి. మొన్న ఒక తెల్లరాయిని కత్తి మొనతో గీస్తే గీత పడలేదు సరికదా, కత్తి ఇనుమే దాని మీద నల్లగా అంటుకుంది. సున్నపురాయిలో ఉండే కాల్సైట్ కాదన్నమాట, కాల్సైట్ కాఠిన్యం మోస్ స్కేల్‌లో (ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు చెప్పే కొలత) 3 మాత్రమే. ఇక మిగిలిన అనుమానం ఫెల్డ్‌స్పార్ (6), క్వార్ట్జ్ (7) అనే రెండు గట్టి ఖనిజాల మధ్యే. ఫెల్డ్‌స్పార్ చదునైన ముఖాలుగా విరిగి తళుక్కుమంటుంది, ఇదేమో గాజు పెంకులా వంపు తిరిగి విరిగింది. క్వార్ట్జే!

మ్యాప్‌లో రంగుల కంటే నాకు చిన్న గుర్తులే ఇష్టం. పొడుగు గీత రాతి పొర సాగే దిశ, దాని మధ్య నుంచి పొడుచుకొచ్చిన పొట్టి గీత పొర వాలిన వైపు, పక్కన 30 అని ఉంటే వాలు 30 డిగ్రీలు. పొర సరిహద్దు కాంటూర్ గీతల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) వెంటే నడుస్తుంటే ఆ పొర పడుకుని ఉన్నట్టు, లోయల్నీ గుట్టల్నీ పట్టించుకోకుండా తిన్నగా పోతే నిలువుగా నిలబడ్డట్టు.