తలుపు మీది రెండు బోర్డులు

నిన్న సాయంత్రం డాలస్ శివార్లలోని ఒక టిఫిన్ హోటల్‌కు వెళ్లినప్పుడు, తలుపు అద్దం మీద అంగుళం ఎత్తు అక్షరాలతో ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ రాసి ఉన్న రెండు బోర్డులను చూసి, మా మిత్రుడు మారు మాట్లాడకుండా కారు దగ్గరికి వెనుదిరిగారు. చొక్కా కింద నడుముకు పెట్టుకున్న పిస్తోలును సీటు కింది ఇనుప పెట్టెలో ఉంచి, తాళం వేసి వచ్చారు. ఆరేళ్లుగా ఎరిగిన మనిషి దగ్గర తుపాకి ఉన్నదని నాకు అప్పుడే తెలిసింది.

ఆ బోర్డులు తుపాకితో లోపలికి రావద్దని చెప్పేవి. టెక్సాస్ శిక్షాస్మృతిలో లైసెన్సు ఉన్నవారు అలాంటి బోర్డు ఉన్న చోటికి రావడం గురించి, 30.06 సెక్షన్ దాచిన తుపాకి విషయంలోనూ, 30.07 పైకి కనిపించే తుపాకి విషయంలోనూ చెబుతాయి. 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్లు నిండి, చట్టరీత్యా అనర్హత లేనివారికి అసలు లైసెన్సే అక్కరలేదు; అయినా ఈయన తీసుకున్నారు.

2023 మే 6న డాలస్ దగ్గరి అలెన్ మాల్‌లో కాల్పులకు ఎనిమిది మంది హతులయ్యారనీ, వారిలో మన తెలుగమ్మాయి కూడా ఉన్నదనీ తెలిశాకే ఆ ఆలోచన వచ్చిందని దోసె తుంచుతూ చెప్పారు. ఆనాడు దుండగుణ్ని కాల్చి ఆపింది వేరే పని మీద అక్కడ ఉన్న ఒక పోలీసు అధికారి. బోర్డు చూసి ఆగేది తనలాంటి వారే తప్ప దుండగులు కాదన్న మా మిత్రుడి వాదనను నేను కాదనలేకపోయాను. అయితే పక్క బల్ల దగ్గర పిల్లలు చట్నీ కోసం తగవులాడుతున్న ఆ ఇరుకు గదిలో, తుపాకి కారులోనే ఉండటం నాకు ఊరటగానే అనిపించింది.

తిరిగి వెళ్లేటప్పుడు ఆయన ముందు పెట్టె తాళం తీసి, ఆ తరువాతే కారు స్టార్ట్ చేశారు.