బాంధవ్‌గఢ్ అడవిలో శేషశాయి దగ్గరికి: నా అనుభవం

మధ్యప్రదేశ్‌లోని బాంధవ్‌గఢ్ పులుల అడవికి వెళ్దామనగానే అమ్మ అడిగింది, "అక్కడ గుడేమైనా ఉందా నాన్నా?" ఉంది. అడవి నడుమ, ఆకాశం కిందే పవళించిన విష్ణుమూర్తి. ఆయన అమ్మ కోసం, పులి నా కోసం అనుకుని బయల్దేరాం.

సఫారీ పర్మిట్లు ఆన్‌లైన్‌లో తీసుకున్నాను. కోర్ అనే అడవి లోపలి ప్రాంతంలో తాలా, మగధీ, ఖితౌలీ అని మూడు జోన్లున్నాయి. పులి ఎక్కడైనా కనబడొచ్చు గానీ, పాత కోట, శేషశాయి విగ్రహం రెండూ ఉన్నది తాలాలోనే. పాత కట్టడాలు చూడాలనుకుంటే ఆ జోన్ దొరికాకే రైలు టికెట్లు కొనండి. జులై నుంచి సెప్టెంబరు దాకా కోర్ మూసేస్తారు, బుధవారం మధ్యాహ్నం సఫారీ ఉండదు. మేం ఫిబ్రవరిలో సికింద్రాబాద్‌లో దానాపూర్ రైలెక్కి, కట్నీలో దిగి కారులో వెళ్లాం.

మొదటి సాయంత్రం మగధీలో, నీటిగుంటలో పడుకున్న పులిని చాలా దూరం నుంచి చూశాం. చెవులు మాత్రం కదులుతున్నాయి.

మర్నాడు చీకటితోనే తాలా గేటు దగ్గర ఉన్నాం. బుకింగ్‌లో ఏ గుర్తింపు కార్డు నంబరు ఇచ్చామో దాని ఒరిజినలే చూపించాలి. నేను అమ్మది ఓటరు కార్డు నంబరు ఇచ్చి, చేతిలో ఆధార్ పట్టుకుని నిలబడ్డాను. టెన్షన్‌తో నోట మాట రాలేదు. అమ్మ బొడ్లో దోపుకున్న చిన్న పర్సు తీసి, చేతిరుమాలు మడతలోంచి ఓటరు కార్డు బయటపెట్టింది. ప్రాణం లేచొచ్చింది.

జీపు సాల్ చెట్ల మధ్య నుంచి కొండ ఎక్కుతుంటే, రాతిలో తొలిచిన గుహలు చూపించాడు గైడ్. 2022లో పురావస్తు సర్వేక్షణ శాఖ ఈ అడవిలో 26 గుహలు, 26 ఆలయాలు, బ్రాహ్మీ అనే ప్రాచీన లిపిలో 24 శాసనాలు గుర్తించింది. ఒకప్పుడు మనుషులు ఉండి, రాసుకుని, పూజలు చేసుకున్న చోటు ఇప్పుడు పూర్తిగా జంతువులదే.

శేషశాయి దగ్గర దిగనిచ్చారు. 10వ శతాబ్దపు విగ్రహం, సుమారు 35 అడుగుల పొడవు. రాయంతా నాచు పట్టి, ముఖం కాస్త అరిగి ఉంది. పాదాల వైపు నుంచి సన్నగా ఊట. చరణగంగ అనే ఏరు పుట్టేది ఇక్కడే. "మన ఉండవల్లి స్వామిలాగే ఉన్నాడు" అంది అమ్మ. నిజమే, కానీ అక్కడ స్వామి గుహ చీకట్లో ఉంటాడు. ఇక్కడ ఎండుటాకులు ఒక్కొక్కటే వచ్చి ఆయన మీద రాలుతున్నాయి. నాకు పులి సంగతే గుర్తులేదు.

కింద లోయలో కొండముచ్చు కేక వేసింది. వెంటనే దుప్పి. పులి దగ్గర్లో ఉందేమోనని హెచ్చరించే కేకలవి. గైడ్ గొంతు తగ్గించి జీపెక్కమన్నాడు. దిగుతుంటే ఒక మలుపులో డ్రైవర్ బండి ఆపి నేల చూపించాడు. గంట క్రితం మేం పైకెళ్లిన టైరు చార మీద, మెత్తటి దుమ్ములో, నా అరచేయంత పంజా గుర్తులు వరుసగా ఉన్నాయి.