43 యూనిట్ల పంచాయితీ

కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ క్యాంపసుల్లో డిగ్రీ పట్టాకి మామూలుగా 120 యూనిట్లు, అంటే క్రెడిట్లు, కావాలి. అందులో 43 జనరల్ ఎడ్యుకేషన్‌వి. ఇంజనీరింగ్ పిల్లలైనా, సంగీతం పిల్లలైనా రాయడం, మాట్లాడడం, తర్కం, లెక్కలు, సైన్సు, కళలు, సమాజ శాస్త్రాలు కొద్దికొద్దిగా చదివి తీరాలి. మొదటి నాలుగింటిలో సి మైనస్‌కి తగ్గితే మళ్లీ చదవాల్సిందే. అలాంటి ఒక క్యాంపస్‌లో నేను స్టాటిస్టిక్స్ చెబుతాను. ఏ కోర్సును ఈ 43లోకి రానివ్వాలి, వస్తే దాని స్థాయి ఎలా ఉండాలి అని చూసే అధ్యాపకుల కమిటీలోనూ ఉన్నాను.

ఈ సంగతి తెలిసిన మనవాళ్లు విందుల్లో ప్లేటు పట్టుకుని పక్కకొస్తారు. "అక్కా, మావాడు కంప్యూటర్ సైన్సు. వాడికి థియేటర్ కోర్సెందుకు? డబ్బులు దండగ కదా!" పదో తరగతి కాగానే ఎంపీసీ, బైపీసీ అంటూ దారులు చీలిపోయే చోటి నుంచి వచ్చాం, ఆ మాట రావడంలో వింతేం లేదు. నేను ఎంపీసీలో చేరాక చరిత్ర పుస్తకం తెరవమని అడిగినవాళ్లే లేరు. డిగ్రీలో ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్ ఉండేది గానీ, పరీక్ష ముందు రాత్రి గైడు తిరగేసి గట్టెక్కేశాం. అందుకని వాళ్లతో నేను వాదనకి దిగను. దండగో కాదో కోర్సు పేరు చూస్తే తేలదు, ఆ క్లాసులో ఎంతమందిని కూర్చోబెడుతున్నారో కనుక్కోండి అంటాను. పిచ్చి సలహాలా వినిపిస్తుంది. కమిటీ గదిలో జరిగేది చూస్తే అలా అనిపించదు.

2021లో రాష్ట్ర శాసనసభ ఏబీ 928 అనే చట్టం చేసింది. కమ్యూనిటీ కాలేజీలో మొదటి రెండేళ్లు చదివిన పిల్లలు తర్వాత స్టేట్ యూనివర్సిటీకి వెళ్లినా, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకి వెళ్లినా ఒకే జాబితా చెల్లాలని దాని ఉద్దేశం. ఆ ఉమ్మడి జాబితా 34 యూనిట్లు, మా 43లో మిగతా 9 పై ఏళ్లలో చదివేవి. దానికి సరిపోయేలా 2025 ఫాల్ సెమిస్టర్ నుంచి మా మొత్తం 48 నుంచి 43కి దిగింది. సైన్సు ల్యాబుకి ఒక యూనిట్ కలిసింది. కళలు, సాహిత్యం కలిపి 3 యూనిట్లు పోగొట్టుకున్నాయి. స్వీయ వికాసం పేరుతో ఉన్న విభాగమైతే మొత్తంగా ఎగిరిపోయింది. పోషకాహారం, ఆరోగ్యం లాంటి కోర్సులకి నీడ అదే.

బదిలీ మీద వచ్చే పిల్లలకి ఇది మేలే చేసింది. డిపార్ట్‌మెంట్ల కథ వేరు. ఇక్కడ సీట్లు నిండితేనే టీచర్లకి క్లాసులు. తప్పనిసరి జాబితాలోంచి జారిన కోర్సుకి పిల్లలు రారు. కాబట్టి ప్రమాణాల మీద ఎంత గంభీరంగా మాట్లాడుకున్నా మనసులో ప్రతివాళ్లూ లెక్కపెట్టేది సీట్లే. దాన్ని కపటం అనడానికి నాకు మనసొప్పదు. అవి కొందరి జీతాలు మరి.

పోషకాహారం కోర్సు ఒకటి 'ఆహారం, సమాజం' అని పేరు మార్చుకుని సమాజ శాస్త్రాల్లో చోటు అడిగింది. సిలబస్ తెరిస్తే మొదటి రెండు వారాలే కొత్తవి, తక్కినదంతా పాత విటమిన్లే. సమాజం గురించి ఒక మాట నిజమో కాదో ఎలా తేల్చుకోవాలో విద్యార్థి చేత చేయించనిదే అది సమాజ శాస్త్రం ఎలా అవుతుందని వెనక్కి పంపాం. ఆ ప్రొఫెసర్‌కి కోపం వచ్చింది, రాదా మరి! కానీ ఆవిడ మళ్లీ పట్టుకొచ్చింది చూడాలి. తాముండే పేటలో తాజా కూరగాయలు దొరికే కొట్టు ఎంత దూరం, కారు లేని ఇళ్లెన్ని, ఆదాయాలెంత అన్నది విద్యార్థులు అమెరికా వ్యవసాయ శాఖ మ్యాపుల్లోంచి తీయాలి. అక్కడివాళ్లతో మాట్లాడి అది ఎంతవరకు నిజమో సరిచూడాలి. ఈసారి ఎదురు మాట్లాడినవాళ్లు లేరు.

కోర్సును ఒప్పుకున్నాక అందులో పిల్లలు ఏం నేర్చుకున్నారో చూసే పని వేసవిలో ఉంటుంది. పేర్లు తీసేసిన విద్యార్థుల పేపర్లు తెచ్చి, వేర్వేరు డిపార్ట్‌మెంట్ల వాళ్లం ఒకే పేపర్‌కి విడివిడిగా స్కోరు వేస్తాం. చేతిలో ఉండేది అసోసియేషన్ ఆఫ్ అమెరికన్ కాలేజెస్ అండ్ యూనివర్సిటీస్ 2009లో తెచ్చిన రూబ్రిక్, అంటే ఏ స్థాయి పనికి ఏ స్కోరో చెప్పే పట్టిక. 4 అంటే శిఖరం, 1 అంటే తొలిమెట్టు, అదీ అందకపోతే సున్నా.

కరువు ఏళ్లలో ఊరి నీటి వాడకం మీద ఒక పేపర్ వచ్చింది. సగటు తగ్గింది గనక జనమంతా పొదుపు చేశారని అందులో తేల్చేశారు. నేను 2 వేశాను. పచ్చిక పీకేసిన పెద్ద ఇళ్లు కొన్ని ఉన్నా చాలు, సగటు దిగిపోతుంది. గ్రాఫులో నిలువు గీత సున్నా నుంచి మొదలవలేదని జీవశాస్త్రం ఆయన 1తో సరిపెట్టాడు. ఫిలాసఫీ ఆవిడ మాత్రం 3 వేసి, చివరి పేజీలో ఒక వాక్యం చూపించింది. అపార్ట్‌మెంట్లకి విడి మీటర్లు లేవు కాబట్టి వాటిలో ఉండేవాళ్ల గురించి నా అంకెలు ఏమీ చెప్పవు, అని ఉంది. గంటసేపు వాదించుకున్నాక నేను 3కి జరిగాను. ఆయన 2 దగ్గర ఆగిపోయాడు.

ఇండియాలో ఉండగా స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్లేదాన్ని. కట్టలు వస్తాయి, కీ వస్తుంది, చీఫ్ ఎగ్జామినర్ చెప్పినట్టు స్టెప్పుకింత మార్కు. వాదన ఉండదు, సాయంత్రానికి కట్ట తేలిపోతుంది. గుట్టలుగా వచ్చే పేపర్లకి అంతకు మించిన దారి నాకిప్పటికీ తోచదు. అయితే కీలో లేని ఆ అపార్ట్‌మెంట్ల వాక్యానికి అక్కడ ఎవరూ మార్కు వేయరు. ఇక్కడ పడొచ్చు, ఎవరో ఒకరు ఓపిగ్గా చివరిదాకా చదివితే.

చదవాల్సింది ఎవరయ్యా అంటే, అమెరికాలో చాలాచోట్ల మొదటి రెండేళ్ల క్లాసులు చెప్పేది సెమిస్టర్ లెక్కన తీసుకున్న లెక్చరర్లు. రెండు మూడు కాలేజీల మధ్య కారులో తిరుగుతుంటారని కాలిఫోర్నియాలో వాళ్లని 'ఫ్రీవే ఫ్లయర్లు' అంటారు. కమిటీ పనికి జీతం ఉండదు కాబట్టి ప్రమాణాలు రాసేటప్పుడు వాళ్లు మాకు కనబడరు. ప్రతి వ్యాసానికీ ముందు చిత్తుప్రతి తీసుకుని, వ్యాఖ్యలు రాసిచ్చి, తిరగరాయించాలని ఒక నిబంధన పెట్టబోతే ఒక లెక్చరర్ తన సొంత టైములో వచ్చి కూర్చుంది. "నిబంధన బాగుంది. నాకు ఐదు సెక్షన్లు, సెక్షన్‌కి 35 మంది. చిత్తుప్రతికి 20 నిమిషాలు వేసుకున్నా ఒక్క విడతకే 58 గంటలు. ఎప్పుడు చదవమంటారు?" గదిలో స్టాటిస్టిక్స్ చెప్పేదాన్ని నేను. గుణకారం చేసి చూపించింది ఆవిడ.

రాత ఎక్కువున్న క్లాసులో 25 మందికి మించకూడదని నిబంధనలోనే చేర్చాలని నేను పట్టుబట్టాను. సీట్ల సంఖ్య కమిటీ చేతిలో లేదు, డీన్ చేతిలో ఉంది. కాగితం పంపాం. అదనపు సెక్షన్లకి డబ్బు కావాలి, దానికోసం ఏ కోర్సులు ఆపాలో కూడా మీరే రాసివ్వండని మర్యాదగా జవాబొచ్చింది. అడిగిందీ న్యాయమే. ఆ జాబితాలో ఇంతవరకు ఒక్క పేరూ పడలేదు. తన కోర్సు పేరు ఎవరు రాసుకుంటారు, పక్కవాళ్లది రాసి ఎవరు తిట్లు తింటారు?

మా స్టాటిస్టిక్స్ పరీక్షలు ఎలాగూ కంప్యూటరే దిద్దుతుంది, పెద్ద హాల్లో ఇంకొంతమందిని పట్టించి ఒక సెక్షన్ వదులుకుందామని మా డిపార్ట్‌మెంట్ మీటింగులో అన్నాను. అప్పటి నుంచి మావాళ్లు నాతో ముక్తసరిగా మాట్లాడుతున్నారు.