తోరణాలు చూసి వెనక్కి రాకండి

వరంగల్ కోట చూశామని చెప్పేవాళ్లలో సగం మంది నిజానికి తోరణాలు చూసి వచ్చినవాళ్లే. టికెట్ తీసుకుని, నాలుగు తోరణాల కింద నిలబడి ఫొటోలు దిగి, ఖుష్ మహల్ మీద ఓ చూపు వేసి భద్రకాళి గుడికి బయల్దేరతారు. ఈసారి నేను గోడల కోసమే వెళ్లాను.

మాది జగిత్యాల. మా ఊళ్లోనూ ఖిల్లా ఉంది, నక్షత్రం ఆకారంలో, చుట్టూ కందకంతో. కానీ మా ఖిల్లాలో సంసారాలు లేవు. లోపల పొయ్యి వెలిగే కోటను నడిచి చూడాలని ఎప్పటినుంచో ఉంది.

కరీంనగర్‌లో బస్సు మారాక సీటు దొరకలేదు. ఎల్కతుర్తి దాటాక ఒకాయన లేచి చోటిస్తే ఒక పెద్దాయన పక్కన కూర్చున్నాను. హనుమకొండ వస్తోందనగా ఆ పెద్దాయన తన బాధ చెప్పుకొచ్చాడు. ఆయన ఇల్లు ఒక జిల్లాలో, బిడ్డనిచ్చిన ఇల్లు ఇంకో జిల్లాలో. నడిచిపోతే పావుగంట. 2016లో పాత జిల్లాను ముక్కలు చేసి వరంగల్ అర్బన్, రూరల్ అన్నారు. 2021 వచ్చేసరికి హనుమకొండ, వరంగల్ జిల్లాలయ్యాయి. ఊరు ఒక్కటే, కార్పొరేషన్ ఒక్కటే, జిల్లా గీత మాత్రం ఊరి నడుమ నుంచి పోతుంది. "ఏ కాయితం ఏ ఆఫీసుకు పట్టుకపోవాల్నో ఇప్పటికీ అడుగుతనే ఉంటం" అన్నాడాయన.

వరంగల్ స్టేషన్ దగ్గర ఆటో అతను కోటకు రెండు వందలన్నాడు. పట్టుమని మూడు కిలోమీటర్లు లేని దూరానికి రెండు వందలా? భుజాన సంచీ కనబడితే చాలు, రేటు పెరిగిపోతుంది. బేరమాడితే నూట ఇరవైకి దిగాడు. ఎక్కాక అడిగాడు: "ఏ కోటన్నా? పడమర కోటనా, మధ్యకోటనా, తూర్పు కోటనా?"

నాకు ఒక్కటే కోట తెలుసు. అక్కడివాళ్లకు అవి మూడు వాడలు. పెళ్లిపత్రికల మీద, రేషన్ షాపు బోర్డు మీద అవే పేర్లు. పడమర నుంచి లోపలికి పోయి తూర్పున బయటపడదామన్నాను. అయితే మధ్యకోట దాకానే వస్తానన్నాడు. సరే అన్నాను.

శివనగర్ అండర్ బ్రిడ్జి దాటి కొంత దూరం పోయాక రోడ్డు ఒక గుట్టను చీల్చుకుని పోతున్నట్టు కనిపించింది. అది గుట్ట కాదు, మట్టికోట, అంటే రాతికోట చుట్టూ పోసిన మట్టికట్ట. ఆటో ఆపించాను. ఎందుకు ఆపమన్నానో అతనికి అర్థం కాలేదు. "ఈడ ఏం లేదన్నా" అన్నాడు.

పక్కనున్న కాలిబాట పట్టుకుని పైకి ఎక్కాను. ఎర్రమట్టి, మధ్యమధ్య మొరం, తుమ్మలు, సీతాఫలం పొదలు. వానకు కోసుకుపోయిన చోట మట్టి పొరలు పొరలుగా బయటపడింది. గోరుతో గీరితే రాలలేదు. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫర్ సైన్యం ఈ కట్ట ముందు దిగింది. ఉక్కు బల్లెంతో పొడిచినా ఈ మట్టి చెక్కుచెదరదని ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో రాశాడు. శత్రువుల పక్షాన రాసినవాడే అంత మాట అన్నాడంటే నమ్మక తప్పదు. కందకం పూడ్చి, కట్ట ఎక్కి లోపలికి వచ్చాక కూడా వాళ్లకు రాతిగోడ మిగిలే ఉంది. కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు కప్పం ఒప్పుకుని అప్పటికి గండం గట్టెక్కాడు. కోట పూర్తిగా చేజారింది 1323లో.

పైన నిలబడితే రెండు వైపులా కనిపిస్తుంది. బయట స్లాబు ఇళ్లు, సెల్ టవర్లు, కట్ట మొదలు దాకా పాకిన ప్లాట్లు. లోపల వరి పొలాలు, తాటిచెట్లు, దూరంగా నల్లటి రాతిగోడ. ఈ మట్టికట్ట గుండ్రంగా తిరుగుతుంది, ఒక అంచు నుంచి ఎదుటి అంచుకు రెండున్నర కిలోమీటర్ల దాకా ఉంటుంది, లోపలి రాతికోట అందులో సగం. కాకతీయుల్లో గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతిగోడను ఆయన కూతురు రుద్రమదేవి పెంచి, దాని చుట్టూ ఈ మట్టికట్టను పోయించి, కందకాన్ని తవ్వించింది. కరువొచ్చినా ముట్టడి వచ్చినా లోపలివాళ్లకు తిండి ఉండాలని పొలాల్ని కూడా గోడలోపలికి తెచ్చుకున్నారేమో అనిపించింది, ఆ పచ్చదనం చూస్తే. దీనికి అవతల ఇంకో మట్టికట్ట కూడా ఉండేది, 12 కిలోమీటర్ల పైన అడ్డకొలతతో. దాన్ని ఇప్పుడు వెతుక్కోవాలి.

రాతికోట పడమటి దర్వాజా దగ్గర ఆటో ఆగాగి పోవాల్సి వచ్చింది. లోపలికి తిన్నగా దారి ఉండదు. ఒక గుమ్మం దాటగానే గోడ అడ్డం వస్తుంది, తిరగాలి, మళ్లీ తిరగాలి. గుర్రాలు, ఏనుగులు వేగంగా దూసుకురాకుండా కట్టిన మలుపులవి. ఇప్పుడు పాలబండి, స్కూల్ ఆటో ఎదురెదురై హారన్లు కొట్టుకుంటున్నాయి. ఆ సందులోనే గోడకు చెయ్యి ఆనించాను. రాయికీ రాయికీ మధ్య సున్నం లేదు. అంతంత బండల్ని ఒకదాని వంకరకు ఇంకొకటి సరిపోయేలా చెక్కి పేర్చారు. వేలిగోరు దూరే సందు కూడా లేదు.

మధ్యకోటలో తోరణాలు చూశాను, బాగున్నాయి. అవి స్వయంభూ దేవుడి గుడి ఆవరణకు నాలుగు దిక్కులా నిలిపిన ద్వారాలు. గుడి నేలమట్టమైంది, ఆవరణ పోయింది, ద్వారాలు మిగిలాయి. రాష్ట్ర చిహ్నంలో ఉన్నది వీటి రూపమే.

ఎండ ఎక్కువై రాతిగోడ నీడ పట్టుకుని నడుస్తుంటే, రేకుల ఇంటి ముందు బర్రెకు కుడితి పెడుతున్న అవ్వ పిలిచింది.

"ఏ ఊరు బిడ్డా? తోరణాలు అటున్నయ్."

"జగిత్యాల అవ్వా. గోడ చూస్తున్న."

"గోడల ఏమున్నది జూసెటందుకు" అంటూనే మంచినీళ్లిచ్చింది. గాలివానకు ఇంటి రేకులు లేచిపోయాయట. పైన తాటిపత్రి కప్పి రాళ్లు పెట్టారు. "గోడ పెట్టుకుందమని సిమెంటు కలిపితే ఎవలన్న వచ్చి ఆపుతరని భయం. పర్మిషన్ కావాలంటరు. కొడుకు తిరిగి తిరిగి యాష్టకొచ్చి శివనగర్‌ల కిరాయికున్నడు. రాజుల గోడ పాడైతె మాకు బాధ కాదా బిడ్డా? మా తాతముత్తాతలు ఈ గోడ పొంటనే పుట్టిన్రు."

చట్టం గురించి నాకు కొంత తెలుసు. పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ తర్వాత, ఈ కోటలాంటి కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం. కొత్త ఇల్లు కట్టరాదు, ఉన్నదానికి మరమ్మతు చేయాలన్నా అనుమతి కావాలి. ఆ పైన ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఒక గుడికైతే చుట్టూ కొంచెం జాగా పోతుంది. కోటగోడ అలా కాదు. కిలోమీటర్ల పొడవునా ఊరి నడుమ తిరుగుతుంది. గోడకు ఇటు వంద, అటు వంద అంటే వాడలకు వాడలే ఆ గీతలో పడిపోతాయి. తోరణాలకూ మళ్లీ అదే కొలత. ఆ నిబంధనే లేకపోతే బయటి మట్టికట్టకు పట్టిన గతి దీనికీ పట్టేది, అందులో నాకు అనుమానం లేదు. కానీ మరమ్మతు అనుమతి ఈ వాడలోనే, పక్షం రోజుల్లో, ఒక్క కాయితంతో ఇవ్వలేరా? ఈ గోడను కాపాడే పనిలో మొదటి కాపలా ఆ అవ్వలాంటివాళ్లే. వాళ్లు విసిగి ఊరొదిలి పోతే గోడ పక్కన మిగిలేది మనలాంటి ఫొటోల వాళ్లే.

అవ్వ మనవరాలు నన్ను గోడ మీదికి ఎక్కించే మెట్లు చూపించింది. గోడ లోపలి వైపు పొడవునా మెట్లే. పైకి వెళ్లి బురుజు మీద కూర్చున్నాం. ఆ పిల్ల తన బడి, చెరువు, అమ్మమ్మ పొలం ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపిస్తూ ఏది లోపల, ఏది బయట అని కూడా చెప్పింది. ఏకశిల గుట్ట మాత్రం అడగకుండానే తెలిసిపోతుంది.

వెళ్లేవాళ్లు పొద్దున ఎనిమిదిలోపు చేరండి, తర్వాత రాయి కాలుతుంది. ఆటోను మట్టికోట దగ్గరే వదిలెయ్యండి. అక్కణ్ణుంచి తూర్పు దర్వాజా దాకా నడకే. మట్టికట్ట ఎక్కాలంటే బూట్లు ఉండాలి, ముళ్లు ఎక్కువ. మధ్యకోటలో టీ పది రూపాయలు, బాగుంటుంది. తూర్పు వైపు బయటికి రాగానే తిరుగు ఆటోలు తక్కువ, షేర్ ఆటో కోసం అరగంట నిలబడ్డాను. అది వచ్చాక మాత్రం ఆటో అతను స్టేషన్‌కు ఇరవై రూపాయలే తీసుకున్నాడు.