శంషాబాద్ నుంచి దుబాయ్: టికెట్టు మీది టైము, ఇంటి నుంచి లెక్క

శంషాబాద్ నుంచి దుబాయ్ ఎంత దూరమని ఫోన్లో వెతికితే ఒకచోట 2,550 అని, ఇంకోచోట 1,580 అని, మరోచోట 1,375 అని వస్తుంది. మూడూ ఒకటే. మొదటిది కిలోమీటర్లు, రెండోది మైళ్లు, మూడోది పైలట్లు వాడే నాటికల్ మైళ్లు (ఒక్కోటి 1.852 కిలోమీటర్లు). గ్లోబు మీద రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దారం బిగించి కొలిచిన దూరమది. విమానం తనకిచ్చిన గాలిదారుల్లో పోతుంది కాబట్టి కొంచెం ఎక్కువే తిరుగుతుంది. వరంగల్ దగ్గరి మన మామునూరు ఎయిర్‌పోర్టుకు అడ్డొచ్చిందీ ఈ దారం లెక్కే. రోడ్డు మీద ఎంత దూరమైనా, తిన్నగా కొలిస్తే శంషాబాద్‌కు 145 కిలోమీటర్లే. శంషాబాద్ ఎయిర్‌పోర్టు ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపల ఇంకో ఎయిర్‌పోర్టు రావొద్దని రాసుకున్నారు మరి.

గంటకు 840 కిలోమీటర్ల చొప్పున 2,550కి మూడు గంటలు చాలు. టికెట్టులో నాలుగు దాకా ఎందుకుంటుందంటే, అది విమానం ఇక్కడి గేటు నుంచి కదిలినప్పటి నుంచి అవతల గేటు చేరేదాకా పట్టే టైము. పైకెక్కేటప్పుడు, కిందికి దిగేటప్పుడు వేగం తక్కువ. ఆపైన గాలి. అంత ఎత్తులో, ముఖ్యంగా చలికాలం, పడమటి నుంచి తూర్పుకు గట్టిగా వీస్తుంది. 80 కిలోమీటర్ల ఎదురుగాలికి ఆ మూడు గంటలు 3:20 అవుతాయి, అదే గాలి వెనక నుంచి తోస్తే 2:45. అందుకే పోయేటప్పుడు నాలుగు, వచ్చేటప్పుడు మూడున్నర.

టికెట్టు మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక. తెల్లారి 4:00కి ఎక్కితే అక్కడి 6:30కి దిగుతారు. రెండున్నర గంటల ప్రయాణమే అనుకోవద్దు. సౌదీ, ఖతర్, కువైట్‌లకైతే తేడా రెండున్నర గంటలు.

అసలు దెబ్బ తినేది తేదీ దగ్గర. టికెట్టులో 12వ తేదీ 00:40 అని ఉంటే 11 రాత్రే ఎక్కాలి. 12 సాయంత్రం బయల్దేరితే విమానం పోయి పొద్దంతా అయినట్టు. కౌంటర్ సాధారణంగా గంట ముందు, అంటే 11:40కి మూస్తారు. మూడు గంటల ముందే చేరాలంటే రాత్రి 9:40. హన్మకొండ నుంచి ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి పోతే మూడున్నర గంటలు, ట్రాఫిక్‌కు ఇంకో గంట. సాయంత్రం ఐదుకల్లా కారు కదలాలి. జగిత్యాల వాళ్లు మూడున్నరకే. కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో ఎయిర్‌పోర్టుకు పోయే పుష్పక్ బస్సు పట్టుకోవచ్చు గానీ, రైలు లేటుకు రెండు గంటలు వదులుకోండి.

తిరుగు ప్రయాణంలో దుబాయ్‌లో 12 రాత్రి 10:00కి ఎక్కితే ఇక్కడ దిగేది 13 తెల్లవారుజాము 3:00కి. తీసుకుపోవడానికి వచ్చేవాళ్లకు 13 అనే చెప్పండి, ఇంట్లో బయల్దేరాల్సింది మాత్రం 12 రాత్రే.