పిట్యూటరీ కణితుల్లో మూలకణాల పాత్ర: ఎంతవరకు నమ్మొచ్చు?

మెదడు కింద ఉండి హార్మోన్లు తయారుచేసే గ్రంథి పిట్యూటరీ. అందులో పుట్టే, చాలావరకు క్యాన్సర్ కాని కణితి అడినోమా. దాని నుంచి తీసిన ముక్కకు సాక్స్2 (మూలకణాల గుర్తుగా వాడే ప్రొటీన్) స్టెయిన్ వేస్తే అక్కడక్కడా కొన్ని కణాలు రంగు పట్టుకుంటాయి. అంతే, 'కణితి మూలకణాలు దొరికాయి' అనేస్తారు. ఆ తొందర పనికిరాదు, ఎందుకంటే ఆరోగ్యంగా ఉన్న గ్రంథిలోనూ సాక్స్2 కణాలుంటాయి. ఎదిగిన ఎలుకల్లో వాటిని 2008లో చూపించారు. గ్రంథి ముందు భాగానికీ మధ్య భాగానికీ నడుమ ఉన్న సన్నని చీలిక అంచున వరుసగానూ, లోపల చెదురుమదురుగానూ ఉంటాయి. 2013లో వాటికి జన్యుపరమైన గుర్తు పెట్టి సంతానాన్ని వెంబడిస్తే, హార్మోన్లు తయారుచేసే కణాలు వాటి నుంచి పుడుతున్నాయని తేలింది.

అడినోమా తీసేటప్పుడు అంచున నలిగిపోయిన మామూలు గ్రంథి కూడా కాస్త వచ్చేస్తుంది. దాన్ని పట్టించేది రెటిక్యులిన్ (కణాల చుట్టూ వలలా ఉండే సన్నని పోగులు) స్టెయిన్. మామూలు గ్రంథిలో కణాల గుంపుల చుట్టూ వల చెక్కుచెదరకుండా ఉంటుంది, అడినోమాలో తెగిపోయి కనిపిస్తుంది. ఈ పరీక్ష చెయ్యకుండా సాక్స్2 లెక్కలు చెప్పేవాళ్లను నేనైతే నమ్మను.

తర్వాతది గోళాల పరీక్ష: మూలకణమైతే ఒక్కటే పదేపదే విభజన చెంది గోళంగా పెరగాలన్నది దీని వెనక ఆలోచన. ముక్కను ఎంజైముతో విడదీసి, 40 మైక్రాన్ల జల్లెడలో వడగట్టి, సీరం లేని మీడియంలో ఈజీఎఫ్, ఎఫ్‌జీఎఫ్2 అనే వృద్ధి కారకాలు కలిపి (మామూలుగా ఒక్కోటి మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు), కణాలు అంటుకోని ప్లేటులో పెంచుతారు. సుమారు వారానికి గోళాలు తేలతాయి. ఇక్కడే మోసపోతాం. కణాలు చిక్కగా వేస్తే ఒకదానికొకటి అతుక్కుని ముద్దలవుతాయి. అవీ గుండ్రంగానే ఉంటాయి గానీ ఒక్క కణం నుంచి పెరిగినవి కావు. అందుకే పల్చగా, వీలైతే గుంటకు ఒక్క కణం చొప్పున వెయ్యాలి. వచ్చిన గోళాన్ని మళ్లీ విడదీసి రెండోసారి, మూడోసారి పెంచి చూడాలి. అడినోమా గోళాలు చాలాసార్లు ఇక్కడే చతికిలబడతాయి. రోగనిరోధక శక్తి లేని ఎలుకల్లో నాటినా, ఇంత నెమ్మదిగా పెరిగే కణాలు నిలదొక్కుకోవడం కష్టం.

ఇంకో పరీక్ష తప్పనిసరి: కణితిలో ఉన్న మ్యుటేషన్ (జన్యువులో మార్పు) గోళంలోనూ ఉందా? గ్రోత్ హార్మోన్ కణితుల్లో పదింట నాలుగింటికి జీఎన్‌ఏఎస్ జన్యువులో మార్పు ఉంటుంది, కుషింగ్స్ వ్యాధి (ఒంట్లో కార్టిసాల్ మితిమీరే జబ్బు) తెచ్చే కణితులు కొన్నింటిలో యూఎస్‌పీ8 జన్యువులో మార్పు. కణితిలో ఉండి గోళంలో లేకపోతే, పెంచింది చాలావరకు మామూలు గ్రంథినే. అడినోమాలు ఎక్కువగా ఒకే కణం సంతానమని 1990లోనే తేలింది. కానీ ఆ మొదటి కణం మూలకణమా, ముదిరిన హార్మోన్ కణమా అన్నది దాంతో తేలదు.

పిట్యూటరీ పక్కనే పుట్టే క్రేనియోఫారింజియోమా అనే కణితి కథ వేరు. ఇందులో రెండు రకాలు: అడమాంటినోమాటస్, పాపిల్లరీ. అడమాంటినోమాటస్ రకంలో సీటీఎన్ఎన్‌బీ1 జన్యువు మారి బీటా కెటెనిన్ అనే ప్రొటీన్ విరగకుండా పోగవుతుంది. ఎలుకల సాక్స్2 కణాల్లో ఈ మార్పు తెస్తే కణితులొచ్చాయి. ఆశ్చర్యమేమిటంటే, ఆ సాక్స్2 కణాలకు, వాటి సంతానానికి పెట్టిన గుర్తు కణితిలో పెరిగిన కణాల్లో లేదు! మార్పు వచ్చిన మూలకణాలు గుంపులు కట్టి, విభజన ఆపేసి, చుట్టూ వృద్ధి సంకేతాలు చిమ్మాయి. పెరిగింది పొరుగు కణాలు. మనుషుల్లోనూ ఆ గుంపులు కనిపిస్తాయి. అయితే మనుషుల కణితిలో మ్యుటేషన్ గుంపులకే పరిమితం కాదు, ఎపిథీలియమంతా (కణితి కణాల పొరలన్నిటా) ఉంటుంది. ఎలుక ఫలితాన్ని యథాతథంగా మనుషులకు అన్వయించడం కుదరదు.

పాపిల్లరీ రకంలో కనిపించేది బీరాఫ్ జన్యువులో వి600ఈ అనే మార్పు. ఇది ఎలుక గ్రంథిలో సాక్స్2 కణాలను పెంచి, హార్మోన్ కణాలుగా మారనివ్వదు. ఈ రకం రోగులకు, ఆ మార్పు నడిపే సంకేతాలను అడ్డుకునే వెమురఫెనిబ్, కోబిమెటినిబ్ మందులు కలిపి ఇచ్చిన ట్రయల్ ఫలితాలు 2023లో వచ్చాయి: 16 మందిలో 15 మందికి కణితి గణనీయంగా తగ్గింది. అడమాంటినోమాటస్ రకంలో సాధారణంగా ఈ మ్యుటేషన్ ఉండదు కాబట్టి, ఈ మందుల ఆలోచన చేసేముందు బయాప్సీలో రకం తేల్చుకోవాలి.