చివిలో గుంతల సేద్యం: జింబాబ్వే విశ్వాసుల పొలాల మధ్య

జింబాబ్వే పల్లెలకు పరిచర్యకని బయల్దేరేవాళ్లు చాలామంది తమ సెలవులు చూసుకుని టికెట్లు తీస్తారు. పొలం పనికి ఆ లెక్క పనికిరాదు. అక్కడ వానలు నవంబరు మధ్యలో మొదలై మార్చితో ముగుస్తాయి. గుంతలు తవ్వడం, ఎరువు వేయడం, గడ్డి పరచడం అన్నీ జూలై, అక్టోబరు మధ్య ఎండుకాలంలో పూర్తి కావాలి. అందుకే మేం సెప్టెంబరులో వెళ్లాం. ముంబై నుంచి అడిస్ అబాబా మీదుగా హరారే, అక్కడి నుంచి దక్షిణానికి దాదాపు 300 కిలోమీటర్లు ప్రయాణిస్తే మస్వింగో. అది దాటితే చివి జిల్లా. ఎటు చూసినా గ్రానైటు గుట్టలు, ఆ రాయి అరిగి ఏర్పడ్డ ఇసుక నేల. నీటినీ సారాన్నీ పట్టి ఉంచలేని నేల అది. అయినా ఆ ఊళ్లకు ఏడాది పొడవునా తిండి మొక్కజొన్నే. దాని పిండితో చేసే గట్టి ముద్ద, సద్జా, లేని పూట ఉండదు.

ఇక్కడి క్రైస్తవ సంఘాలు నేర్పేది నేల దున్నకుండా గుంతల్లో విత్తే పద్ధతి. దానికి మూలం బ్రయన్ ఓల్డ్రీవ్ అనే జింబాబ్వే రైతు. విశ్వాసం ఒప్పుకోక పొగాకు సాగు మానేసిన మనిషి. 1984లో హింటన్ ఎస్టేటులో రెండు హెక్టార్లతో దున్నకుండా సాగు మొదలుపెట్టాడు. అడవిలో ఎవరూ నేలను తిరగేయరు, ఆకులు రాలి నేలను కప్పే ఉంచుతాయి, అయినా చెట్లు పెరుగుతాయి. ఆయన గమనించింది ఇదే. తర్వాత చిన్న రైతుల కోసం దాన్ని పార ఒక్కటి ఉంటే చాలన్నంత సులువు చేశారు. ఈ పద్ధతిని వ్యాప్తి చేసే ‘ఫౌండేషన్స్ ఫర్ ఫార్మింగ్’ సంస్థ నేర్పే సూత్రాలు నాలుగే: సమయానికి, నాణ్యంగా, వృథా లేకుండా, ఆనందంతో. 2020లో జింబాబ్వే ప్రభుత్వం ‘ఫుంవుద్జా’ పేరుతో ఇదే పద్ధతిని దేశమంతా చేపట్టింది.

మడి కొలత 39 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు. మన లెక్కలో పదిహేను సెంట్లు. అందులో 52 వరుసలు, వరుసకు 28 గుంతలు, మొత్తం 1,456. ఏడాదికి 52 వారాలు కాబట్టి కుటుంబానికి వారం తిండికి ఒక వరుస. గుంతకు రెండు మొక్కలు, మొక్కకు రెండు కంకుల చొప్పున వరుస మొత్తం మీద 20 లీటర్ల బకెట్ నిండా, అంటే 17.5 కిలోల గింజలు రావాలన్నది లక్ష్యం. అలా రావాలంటే కంకికి 150 గ్రాములకు పైగా గింజ పడాలి. చివి లాంటి మెట్ట ప్రాంతంలో అది ప్రతి ఏడూ అయ్యే పని కాదు. శిక్షణ ఇచ్చేవాళ్లు ఈ మాట ముందే చెప్పాలి. చెప్పని చోట మరుసటి ఏడాది రైతు ముఖం తిప్పుకుంటాడు.

అసలు పనితనమంతా తాడులో ఉంది. సాగని తాడుకు 60 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున సీసా మూతలు నొక్కి బిగిస్తారు. దాన్ని వాలుకు అడ్డంగా, రెండు మేకుల మధ్య బిగుతుగా కడతారు. మూత దగ్గరల్లా ఒక గుంత, 15 సెంటీమీటర్ల లోతు. తీసిన మట్టిని పల్లం వైపే పోయాలి, వాన నీరు ఆ కట్టకు ఆగి గుంతలోకి దిగుతుంది. 75 సెంటీమీటర్ల కర్రతో కొలిచి తాడును తర్వాతి వరుసకు జరుపుతారు. నైలాన్ తాడు ఎండకు సాగితే దూరాలు మారిపోతాయి. ఇది చిన్న విషయం కాదు. వచ్చే ఏడూ ఇవే గుంతల్లో విత్తాలి, అప్పుడే ఎరువూ తేమా ఒకేచోట పోగుపడతాయి. వరుసలు తప్పితే మళ్లీ మొదటి నుంచే తవ్వకం.

గుంతకు ఒక చెంచా బూడిద లేదా సున్నం, దాని మీద అర లీటరు డబ్బాతో మాగిన పశువుల ఎరువు. మడి మొత్తానికి 728 లీటర్లు, అంటే 36 బకెట్ల పైచిలుకు. పశువులు లేని వితంతువు అంత ఎరువు ఎక్కడి నుంచి తెస్తుంది? కంపోస్టు కుప్ప నెలల ముందే వేసుకోవాలి. పచ్చి ఎరువు వేస్తే మొలక మాడిపోతుంది. ఎరువు మీద కొంత మట్టి కప్పి, పైన కాస్త ఖాళీ ఉంచుతారు. నేల బాగా తడిసిన తొలి పెద్ద వానకు మూడు గింజలు వేసి, వాటి మీద 5 సెంటీమీటర్ల మట్టి కప్పుతారు. రెండు వారాలకు నేల తడిగా ఉన్నప్పుడు బలహీనమైన మొక్కను పీకేస్తారు. ఈ పనికి చాలామందికి చేతులు రావు, మూడూ ఉంచేస్తారు. నీటి కోసం పోటీ పడి మూడూ గిడసబారతాయి.

గడ్డి ఆచ్ఛాదన దగ్గరే ఎక్కువమంది ఓడిపోతారు. కోత అయ్యాక ఊరి పశువులను వదిలేయడం అక్కడి ఆచారం. పరిచిన చొప్పంతా వాటి పాలు. మిగిలింది చెదలు తింటాయి. ముళ్లకంచె ఉన్న మడిలోనే గడ్డి నిలిచింది. అందుకే గుంత కంటే ముందు కంచె వేయాలని మా గట్టి అభిప్రాయం. కత్తెర పురుగు బాధ మనకు తెలిసిందే. మనదేశంలో 2018లో కనబడిన ఆ పురుగు ఆఫ్రికాలో 2016లోనే అడుగుపెట్టింది. మన రైతుల్లాగే వాళ్లూ మొక్క సుడిలో ఇసుక, బూడిద వేస్తారు.

రైతులు ఈ పద్ధతికి ‘దిగ ఉఫె’ అని పేరు పెట్టారు, తవ్వి చావు అని. ఆ కోపంలో న్యాయముంది. ఎండిన నేలలో 1,456 గుంతలు ముసలివాళ్లకూ రోగులకూ సాధ్యమయ్యే పని కాదు. సంఘం అక్కరకొచ్చేది ఇక్కడే. ఊరంతా కలిసి ఒకరి పొలంలో పనిచేసే న్హింబె అనే పాత ఆనవాయితీ షోనా ప్రజలకుంది. పూర్వం దానికి ఇంటి సారా పోసేవాళ్లు. విశ్వాసులు దాని బదులు మొక్కజొన్న పిండితో పులియబెట్టిన మహేవు ఇస్తున్నారు. గురువారం అక్కడి సంఘాల్లో స్త్రీల కూడిక జరిగే రోజు. కూడిక ముగిశాక పారలు పట్టుకుని బడి టీచరు, రిటైరైన నర్సు, కూరగాయలమ్మే అంబుయాలు, అంటే అవ్వలు, తల్లిదండ్రులు లేని పిల్లల మడికి వెళ్తారు. వాళ్లలో జీతం తీసుకునేవాళ్లు లేరు. యెషయా గ్రంథం 28వ అధ్యాయంలో దున్నేవాడికి పద్ధతి నేర్పేది దేవుడేనన్న వచనాలు చదువుకుని, తాడు బిగించి వంగుతారు. పిలుపు అన్న మాటకు ఇంతకంటే నిజమైన అర్థం మేం చూడలేదు.

బయటి నుంచి వెళ్లేవాళ్లు చేసే హాని కూడా చెప్పాలి. ఉచితంగా విత్తనం, ఎరువు బస్తాలు పంచితే వాటి కోసమే గుంతలు తవ్వుతారు. పంపకం ఆగిన ఏడాది పారలు మూలన పడతాయి. బస్తా పంచే బదులు ఎండుకాలంలో వెళ్లి ఒక వితంతువు మడిలో తవ్వండి, కంపోస్టు తిరగేయండి. వాన లేకపోతే ఏ పద్ధతైనా తలవంచాల్సిందే. 2023–24 ఎల్ నినో కరువుకు దేశమంతా విపత్తు ప్రకటించారు. తేమ పట్టి ఉంచిన గుంత మధ్యలో కొన్ని వారాల ఎండను తట్టుకుంటుంది గానీ వాననైతే పుట్టించలేదు. అందుకే మడి మొత్తం మొక్కజొన్న వేయకుండా కొంత భాగంలో అలసంద, వేరుశనగ, జొన్న వేయమని చెప్పే శిక్షకులే మేలు.

వెళ్లేవాళ్లు వెంట విత్తనాలు తీసుకెళ్లకండి, అనుమతి లేకుండా దిగుమతి కుదరదు. చిన్న అమెరికా డాలరు నోట్లు, మూడు చదరపు పిన్నుల ప్లగ్గు, మలేరియా గురించి ముందే డాక్టరు సలహా అవసరం. ఊళ్లో ఎవరినైనా కలిసినప్పుడు ముందు చేతులు తట్టి ‘మంగ్వనాని’ అని పొద్దుటి పలకరింపు పూర్తిచేశాకే పని మాట ఎత్తండి. ఫొటోకు ముందు ఇంటి పెద్దను అడగండి. ఏప్రిల్, మే నెలల్లో కోత సమయానికి మరోసారి వెళ్లగలిగితే వరుసకు ఒక బకెట్ వచ్చిందో లేదో రైతుతో కలిసి కొలవండి, వచ్చే సెప్టెంబరులో ఏం మార్చాలో ఆ కొలతే చెబుతుంది.